సంచిలో కాలు

పుంగనూరు బస్టాండు ఎదురుగా టీ అంగడి నడిపే జుబేదాకు ఒక జబ్బు ఉంది. దానికి ఏ డాక్టరూ మందు రాయలేడు. ఎదుటి మనిషి సంగతేమిటో తెలియకపోతే ఆమెకు అన్నం సయించదు. రామసముద్రం బస్సు దిగినవాడు ఎవరింటికి వచ్చాడు, మదనపల్లె బస్సు ఎక్కినావిడ కళ్లెందుకు తుడుచుకుంది, కొత్త కండక్టరు మీసం ఎందుకు తీసేశాడు, ఇవన్నీ ఆమెకు కావాలి. తెలుసుకుని ఎవరికైనా చెబుతుందా అంటే అదీ లేదు. తెలుసుకోవడం వరకే ఆమె సరదా. లారీ డ్రైవరైన ఆమె భర్త జమాలుద్దీన్, తాను ఇంటి పట్టున ఎక్కువ ఉండకపోవడానికి సగం కారణం పెళ్లాం అడిగే ప్రశ్నలేనని నవ్వుతూ అనేవాడు.

అలాంటి మనిషి కళ్లెదుట, ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో, ఒకడు తన కాలిని సంచిలో వేసుకుని బస్సు దిగాడు.

నలభై ఏళ్లు ఉంటాయేమో. కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. పంచె ఆ పక్కన మడిచి కట్టి ఉంది. చంకలో ఊతకర్ర, భుజాన గోనెసంచి. ఆ సంచి మూతిలోంచి నల్లటి బూటు ముక్కు ఒకటి బయటికి తొంగి చూస్తోంది. వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. టీ తాగాడు. తరువాత నిదానంగా సంచి విప్పి, బూటుతో సహా మోకాలి దాకా ఉన్న ఒక కట్టుడు కాలు బయటికి తీశాడు. పట్టీలు బిగించుకుని, పంచె కిందికి దించి, లేచి నిలబడ్డాడు.

“అమ్మా, ఈ కర్ర, సంచి సాయంత్రం దాకా ఈడ పెట్టుకుంటారా?” అని అడిగాడు.

“పెట్టుకోప్పా. దానికేముండాది” అంది జుబేదా. నోటి దాకా వచ్చిన ప్రశ్నను ఎలా మింగిందో ఆమెకే తెలియాలి.

సాయంత్రం అతను తిరిగి వచ్చాడు. పంచెకంతా ఎర్రమట్టి. మోచేయి గీసుకుపోయి ఉంది. మొహంలో మాత్రం అదోరకం తృప్తి. బెంచీ మీద కూర్చుని కాలు విప్పేశాడు. దుమ్ము దులిపి సంచిలో పెట్టుకున్నాడు, కర్ర చంకలో పెట్టుకుని రామసముద్రం బస్సెక్కి పోయాడు. వారం తిరిగేసరికి మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే తంతు.

ఇక జుబేదా ప్రాణం ఎలా కుదుటపడుతుంది? కాలు లేనివాణ్ని ఆమె చూసింది. కట్టుడు కాలు పెట్టుకున్నవాణ్నీ చూసింది. కాలు ఉండి, దాన్ని ఇంటి నుంచి మోసుకొచ్చి, ఊళ్లో పెట్టుకుని, పోయేటప్పుడు తీసేసి మళ్లీ మోసుకుపోయేవాణ్ని మాత్రం చూడలేదు. అద్దె కాలేమో అనుకుంది. కాదు, పట్టీలు అతని కొలతకే ఉన్నాయి. అరువు కాలేమో అనుకుంది. కాలిని ఎవరు అరువిస్తారని మళ్లీ తనే నవ్వుకుంది. పక్క కొట్టంలో చక్రానికి కర్ర బిగించి మంచం కోళ్లు తిప్పే తమ్ముడు ఇమాముద్దీన్‌ను అడిగితే, అతను చక్రం ఆపకుండానే, “నీకెందుకు ఆపా ఆ బాధ? నీ పాలు పొంగిపోతాండాయి సూసుకో” అన్నాడు.

మూడో వారం ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

“ఏమప్పా, కాలు పెట్టుకుని బస్సెక్కితే వద్దన్నారా? యాల మోసుకుని తిరుగుతాండావు?”

“అరిగిపోతాదని” అన్నాడతను నవ్వి.

అదీ ఒక జవాబేనా? ఇలాంటి జవాబు చెప్పి జుబేదా దగ్గర తప్పించుకోవచ్చనుకున్నాడంటే, పాపం, అతనికి ఆమె సంగతి తెలియదు. అతను మలుపు తిరగగానే టీ అంగడి తమ్ముడికి అప్పగించి, పైట సర్దుకుని వెనకాలే బయలుదేరింది. పశువుల సంత జరిగే మైదానం దాటాడు. మైదానం వెనక జుబేదా మేనమామ బాబు సాహెబ్ చేను ఉంది. వేసవి దుక్కి దున్ని వదిలేసిన ఎర్రచేను. అతను ఆ చేనిలో దిగాడు. జుబేదా కంపచెట్టు చాటున నిలబడింది.

అతను నడుస్తున్నాడు. అంతే. చాళ్లలో పడి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు. చేతులు రెండూ ముందుకు చాచి, లేని దేన్నో పట్టుకుని తోస్తున్నట్టు పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేసేసరికి బూటు మడమ మెత్తటి మట్టిలో కూరుకుపోయింది. పక్కకు పడ్డాడు. లేచాడు. మళ్లీ చేతులు చాచాడు. మళ్లీ పడ్డాడు. దారిన పోయే గొర్రెల కాపరి ఒకడు చూసి నవ్వుకుంటూ పోయాడు. అతనేమీ అనుకోలేదు. మళ్లీ లేచాడు.

జుబేదాకు ఒకరి చాటు సంగతి చూశానన్న సిగ్గు జన్మలో మొదటిసారి వేసింది. అయినా వెనక్కి తిరిగి పోయిందా అంటే, పోలేదు.

“మడక పట్టుకున్నట్టు చేతులు పెట్టుకున్నావు” అంది కంపచెట్టు చాటు నుంచి బయటికి వచ్చి. “దున్నడం నేర్చుకుంటాండావా అప్పా?”

అతను ఉలిక్కిపడలేదు. గట్టు మీద కూర్చుని బూటులో మట్టి గీరుకున్నాడు. “దున్నడం నాకు తెలుసమ్మా. ఈ కాలికి నేర్పిస్తాండా” అన్నాడు.

అలా బయటపడింది సంగతి. అతని పేరు దొరస్వామి. రామసముద్రం దగ్గర మాకులవారిపల్లె. పట్టాళంలో చేరి, డెబ్బై ఒకటి యుద్ధంలో పడమటి సరిహద్దున మందుపాతర మీద కాలు పెట్టాడు. పూనా మిలిటరీ ఆసుపత్రిలో ఈ కాలిచ్చి పంపారు. సిమెంటు నేల మీద, తారు రోడ్డు మీద దానికి వంక పెట్టే పని లేదు. దున్నిన చేను మాత్రం అది ఎప్పుడూ చూడలేదు.

“అట్లయితే మీ చేనిలోనే నేర్పొచ్చు కదా. ఇంత దూరం యాల?”

“మా ఊర్లో పడనియ్యరమ్మా” అన్నాడు దొరస్వామి. “వచ్చిన కొత్తల్లో ఒకనాడు పెట్టుకుని చేనిలో దిగితి. పడితి. ఊరంతా పరిగెత్తుకొచ్చిరి. ఆడోళ్లు ఏడుస్తా, మొగోళ్లు నన్ను ఎత్తుకుని ఇంటికి తెచ్చి మంచం మీద పండబెట్టిరి. మా యెల్లప్ప పెదనాయిన ఇంగ ఆ కాలు పెట్టుకోవద్దని ఒట్టేయించుకునె. ఈడ పడితే ఎవురికీ పట్టదు. నవ్వి పోతారు. నాకు అదే కావల్ల.”

“మరి చేను ఎవురు దున్నుతాండారు ఇన్నేండ్లూ?”

“ఊరే.”

ఇక్కడ మాకులవారిపల్లె పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఆ ఊళ్లో కూలికి మడకలు పిలవరు. ముయ్యి అని ఒక పద్ధతి ఉంది. ఈ రోజు నువ్వు మడక కట్టుకుని నా చేనికొస్తే, రేపు నేను నీ చేనికి రావాలి. వాన పడి అదును వచ్చిందంటే, ఎవరి చేను వంతు వస్తే ఆ రైతు ముందు రోజు పొద్దు వాలే వేళ వీధి వెంబడి నడుస్తూ ప్రతి వాకిట్లోనూ నిలబడి పిలుస్తాడు. ఫలానావాడా, రేపు మా చేనికి అంటాడు. లోపల్నుంచి సరేప్పా అంటారు. అంతే మాట. దొరస్వామి చేనికి మాత్రం పిలవకుండానే ఊళ్లోని మడకలన్నీ వస్తాయి. ఏటా మొదటి దుక్కి అతని చేనిలోనే. దేశం కోసం కాలు పోగొట్టుకున్నవాడి చేను దున్నకుండా మన చేను దున్నుకోకూడదని పెద్దమనిషి ఎల్లప్ప పెట్టిన కట్టడి అది. పదేళ్లుగా ఒక్క ఏడూ తప్పలేదు.

“మంచోళ్లే కదప్పా” అంది జుబేదా.

“దేవుళ్లమ్మా. ఒక్క మాటంటే కండ్లు పోతాయి” అన్నాడు దొరస్వామి. మళ్లీ బూటు మట్టి గీరుకున్నాడు. “అయితే అమ్మా, తన చేని వంతు వచ్చినప్పుడు పొద్దు వాలితే పెదనాయిన వీధిలో పిలుస్తా వస్తాడు. ఆ ఇంటి ముందర గట్టిగా, ఈ ఇంటి ముందర గట్టిగా. నా వాకిలి కాడికొచ్చేతలికి గొంతు తగ్గిస్తాడు. బాగుండావా నాయినా అంటాడు. పోతాడు. పక్కింటి కాడ మళ్లీ గొంతు లేస్తాది. పదేండ్లమ్మా. ఒక్క పూటన్నా నన్ను పనికి పిలిచినోడు లేడు.”

జుబేదా వంగి, అతని బూటు మడమకు అంటిన మట్టిపెళ్ల ఊడదీసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మదనపల్లెలో మాజీ సైనికుల సంఘంవాళ్లు కాళ్లూ చేతులూ పోయిన సిపాయిలకు ఏదో ఒక దారి చూపిస్తుంటారు. అక్కడి మాజీ హవల్దారు ఒకాయన దొరస్వామి కోసం తిరిగి తిరిగి కుప్పం దగ్గర రాళ్లు కోసే చోట కావలి పని ఖాయం చేశాడు. స్టూలు, గొడుగు, ఈల వాళ్లే ఇస్తారు. నడవనక్కర లేదు. వానలు పడేలోగా వస్తానో రానో చెప్పాలి. భార్య మునెమ్మకు ఊరు విడిచి పోవడం ఇష్టం లేదు. దొరస్వామికీ లేదు. కాని ఊళ్లో కూర్చుని తినడం కంటే కుప్పంలో కూర్చుని సంపాదించడం మేలని అతని లెక్క.

“ఈ తూరి అదునుకు మడక వెనక నడిచినానా, ఊర్లో ఉంటా. ల్యాకపోతే పోయి ఆ రాళ్లకు కాపలా కూచుంటా” అన్నాడు.

ఆ సాయంత్రం జుబేదా తమ్ముడి చక్రం ఆపించింది. ఇమాముద్దీన్‌కు ఆ కాలు చూడగానే కళ్లు మెరిశాయి. వస్తువు ఏదైనా విప్పి చూడకపోతే అతనికీ అన్నం సయించదు. అక్కాతమ్ముళ్లది ఒకటే రక్తం మరి. అడుగున ఉన్న బోల్టు విప్పితే బూటుతో సహా పాదం ఊడి వచ్చింది. “ఇంతేనా? దీని జాగాలో మనం ఏమైనా బిగించొచ్చు. వచ్చే వారం రాప్పా” అన్నాడు.

వారం తరువాత అతను తయారుచేసి పెట్టింది చూసి జుబేదా నోరు తెరిచింది. ఎర్రలక్క, పచ్చలక్క పట్టీలు వేసి, నడుమ గుండ్రంగా పూసలు తిప్పి, నిగనిగలాడుతున్న మంచం కోడు. జీవితమంతా మంచం కోళ్లు తిప్పినవాడికి కాలు చేయమంటే ఇంకేం చేస్తాడు? పెళ్లివారి పట్టెమంచానికి పెట్టాల్సిన కోడు దొరస్వామి కట్టుడు కాలికి పాదమై కూర్చుంది. చూడటానికి మహా సొగసుగా ఉంది. చేనిలో దిగి రెండడుగులు వేసేసరికి గడ్డపార దిగినట్టు దిగిపోయింది. దొరస్వామిని పైకి లాగడానికి అక్కాతమ్ముళ్లిద్దరూ చెరో రెక్క పట్టుకోవలసి వచ్చింది. లాగుతుంటే దొరస్వామికి నవ్వు ఆగలేదు. అతను అలా నవ్వడం జుబేదా అప్పుడే చూసింది.

ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. కింద మడుగు పక్కన బురదలో గేదెలు రెండు పోతున్నాయి. జుబేదా వాటినే చూస్తోంది.

“నాకొకటి సెప్పండి” అంది. “అంత లావు ఎనుము బురదలో యాల కూరుకుపోదు?”

ఇమాముద్దీన్ తల పట్టుకున్నాడు. “ఆపా, నీ ప్రశ్నలకు ఇప్పుడు ఎనుములు కూడా జవాబు సెప్పల్లా?”

దొరస్వామి మాత్రం లేచి, కర్ర ఊతంగా ఆ బురద దాకా పోయాడు. వంగి గిట్టల అచ్చులు చూశాడు. వేలితో కొలిచాడు. “గిట్ట రెండు పాయలు కదా. బరువు పడినప్పుడు విచ్చుకుంటాది. ఎత్తినప్పుడు మూసుకుంటాది. మట్టి పట్టుకోదు” అన్నాడు. ఆ మాట నిదానంగానే అన్నాడు గాని, గొంతు మారింది.

ఆ తరువాత ముగ్గురికీ అదే లోకమైంది. వేపచెక్కతో వెడల్పాటి పాదం, ముందు వైపు రెండుగా చీల్చి, చీలిక నడుమ రబ్బరు పట్టీ. మొదట చేసింది విచ్చుకుంది గాని మూసుకోలేదు. రెండోది మూసుకుంది గాని పగిలింది. జమాలుద్దీన్ బెంగళూరు నుంచి వచ్చినప్పుడు పాత లారీ టైరు ముక్క ఒకటి ఇంట్లో పడేస్తే, దాన్ని కోసి అడుగున కొట్టారు. టీ అంగడికి వచ్చేవాళ్లు కూడా తలో సలహా ఇచ్చారు. అందులో సగం పనికిరానివి. రామసముద్రం కండక్టరు మాత్రం బ్రేకు పెడలు స్ప్రింగు ఒకటి తెచ్చిచ్చాడు, అది పనికొచ్చింది. జుబేదా చేసిందల్లా అడగడమే. మడమ యాల గుండ్రంగా ఉండల్ల? పక్కకు వాలితే ఏమైతాది? తడిమట్టిలో ఎట్లుంటాది? ఆమె అడుగుతుంటే వాళ్లిద్దరూ విసుక్కుంటూనే జవాబు కోసం చెక్క చెక్కేవాళ్లు.

ఒకనాడు చిరుజల్లు పడింది. బాబు సాహెబ్ చేను మెత్తబడింది. దొరస్వామి ఆ పాదంతో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు. మళ్లీ నడిచాడు. అతని వెనక చాలు పొడుగునా ఒక మనిషి అడుగు, ఒక ఎనుము అడుగు, ఒక మనిషి అడుగు, ఒక ఎనుము అడుగు పడి ఉన్నాయి.

ఆ సాయంత్రం దొరస్వామి బెంచీ మీద కూర్చుని కాలు విప్పలేదు. టీ తాగి, కర్ర చేత్తో పట్టుకుని, కాలితోనే బస్సెక్కాడు. బస్సు కదిలాక చూస్తే గోనెసంచి బెంచీ కిందే ఉంది.

తరువాత వానలు పట్టుకున్నాయి. వారం గడిచింది, దొరస్వామి రాలేదు. ఇంకో వారం గడిచింది. దున్నాడా? పడ్డాడా? పిలిచారా? కుప్పం పోయాడా? జుబేదాకు రాత్రిళ్లు ఇవే ప్రశ్నలు. చివరికి ఆమెకు ఒక గొప్ప సాకు దొరికింది. మరిచిపోయిన సంచి ఇచ్చి రావాలి. చిల్లులు పడిన గోనెసంచి ఇచ్చి రావడానికి పనిగట్టుకుని బస్సెక్కి పోయే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని ఇమాముద్దీన్ అడిగాడు. ఆమె వినిపించుకోలేదు. సంచిని ఉతికి, ఆరేసి, మడిచి చంకలో పెట్టుకుని రామసముద్రం బస్సెక్కింది.

మాకులవారిపల్లెలో దొరస్వామి ఇల్లు వెతకనక్కర లేకపోయింది. మట్టిలో పడిన అడుగులే దారి చూపాయి. మునెమ్మ ఎదురొచ్చింది. సంచి చూసి, మనిషిని చూసి, “పుంగనూరు అక్కా నువ్వు?” అంటూ చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. దొరస్వామి పెరట్లో ఎద్దులకు మేత వేస్తున్నాడు. పలకరించాడు గాని మొహం వాడిపోయి ఉంది.

జరిగింది మునెమ్మ చెప్పింది. అదును రాగానే ఏటా వచ్చినట్టే మడకలన్నీ వచ్చాయి. దొరస్వామి వాళ్లను గట్టు మీద కూర్చోమన్నాడు. తన ఎద్దులు కట్టుకుని, తనే మేడి పట్టుకుని చాలు తోలాడు. చాలు వంకరపోయింది. పోతే పోయింది, దున్నాడు. వెనకాలే మునెమ్మ విత్తనాలు వేసింది. మూల తిరిగేటప్పుడు ఒకసారి పడ్డాడు. గట్టు మీది వాళ్లంతా లేచి పరిగెత్తబోయారు. అప్పుడు అతను అరిచాడు.

“ఎవురూ రావద్దండి, ఆడే ఉండండి అని గట్టిగా అరిచె అక్కా. యెల్లప్ప పెదనాయిన మీద ఎవురూ గొంతెత్తి ఎరగరు. అంతే, ఆయన తల దించుకుని మడకలన్నీ తోలుకుని పోయె. వండిన కూడు వండినట్టే మిగిలిపాయె. ఆనాటి నుంచి ఊర్లో అందురి చేండ్లూ దున్నుతాండారు. ఈ నాలుగు దినాలుగా పెదనాయిన చేని వంతు, సాయంత్రమైతే వీధిలో పిలుస్తా వస్తాడు. ఇంతకు ముందు బాగుండావా అని అయినా అడుగుతాండె. ఇప్పుడు అదీ లేదు, దాటి పోతాడు. రేపు మదనపల్లెకు పోయి కుప్పం పనికి ఒప్పుకుంటానని ఈయన పెట్టె సర్దుకుండాడు” అంది మునెమ్మ. చెరగుతో మొహం తుడుచుకుంది.

చేయి కడుక్కుని జుబేదా లేచింది.

“ఆ యెల్లప్ప ఇల్లు యాడ?”

“వద్దక్కా. పెద్దాయన. మర్యాద మనిషి.”

“నేనేమన్నా కొట్లాడతానా? ఒక మాట అడిగేసి వస్తా.”

ఎల్లప్ప వాకిట్లో కూర్చుని మడక కర్రు సరిచేసుకుంటున్నాడు. తెల్లటి మీసం, తలకు తుండుగుడ్డ. ఎవరో తురక స్త్రీ వచ్చి ఎదురుగా అరుగు మీద కూర్చునేసరికి కాస్త తికమకపడ్డాడు.

“పుంగనూరు నుంచి వస్తాండా పెద్దాయనా. దొరసామి కాలు మా కొట్టంలోనే చేసింది. నాకొక సంగతి తెలీడంల్యా. మీ ఊర్లో అందురినీ పనికి పిలుస్తారు. ఆయన్ని యాల పిలవరు?”

ఎల్లప్ప కర్రు కింద పెట్టాడు. అతని కళ్లలో కోపం లేదు. బాధే ఉంది.

“ఏం మాటమ్మా అది? దేశానికి కాలిచ్చినోన్ని కూలోని మాదిరి నా చేనికి రమ్మని పిలవాల్నా? పక్క ఊరోళ్లు మా మొగాన ఉమ్మేస్తారు. వాని చేను మేం దున్నుతాం. మేం సచ్చినా మా బిడ్డలు దున్నుతారు. అది మా ఊరి మర్యాద. వానికి ఏం తక్కువ చేసినామని ఆ పొద్దు అందురి ముందర నా మీద అరిచె?”

“తక్కువ చేయలేదు పెద్దాయనా, ఎక్కువ చేసినారు” అంది జుబేదా. “పదేండ్లుగా మీరు ఇస్తాండారు, ఆయన తీసుకుంటాండాడు. తిరిగిచ్చే దారి ఒక్కటన్నా పెట్టినారా? మా అంగట్లో టీ తాగినోడు డబ్బులియ్యకుండా పొమ్మంటే ఒకపూట సంతోషపడతాడు. రోజూ అట్లే అంటే ఇంగ నా అంగడికి రాడు. ఆయన రేపు మదనపల్లెకు పోతాండాడు. ఆడినుంచి కుప్పం పోయి, స్టూలేసుకుని రాళ్లకు కాపలా కూచుంటాడంట. మీకు తెలుసునా ఆ సంగతి?”

తెలియదని అతని మొహమే చెప్పింది.

“కుప్పానికా?” అన్నాడు.

“పడనియ్యకుండా మీరు పట్టుకుని పట్టుకుని ఆయన్ని ఊరు దాటిస్తాండారు.”

ఎల్లప్ప కర్రు తీసుకుని మళ్లీ సరిచేసుకోసాగాడు. చేతులు మాత్రం ఆగి ఆగి పని చేస్తున్నాయి. జుబేదా కాసేపు కూర్చుని, లాభం లేదనుకుని లేచి వచ్చేసింది. తాను రావడం వల్ల ఉన్నది కాస్తా చెడిందేమోనని దారంతా తనను తాను తిట్టుకుంది. నా నోరు పడిపోను, నాకెందుకు ఇవన్నీ అనుకుంది. నిజంగానే అనుకుంది, ఊరికే కాదు.

పొద్దు వాలింది. పుంగనూరు పోయే బస్సు హారను దూరంగా వినిపించింది. జుబేదా కదల్లేదు. పొద్దు వాలాక పెద్దాయన వీధిలో వస్తాడని ఆమెకు తెలుసు. ఏమవుతుందో చూడకుండా బస్సెక్కితే ఆమె జుబేదా ఎలా అవుతుంది? మునెమ్మ పొయ్యి ముందు కూర్చుంది. దొరస్వామి గోడకు ఆనుకుని, ఎనుము పాదం విప్పి పక్కన పెట్టుకుని, దాన్ని చూడకుండా కూర్చున్నాడు. మూలన పెట్టె సర్ది ఉంది.

వీధి చివర ఎల్లప్ప గొంతు లేచింది.

“నాగరాజూ, రేపు మా చేనికి.”

“సరేప్పా.”

“అంకయ్యా, రేపు మా చేనికి.”

“సరేప్పా.”

ఇంటింటికీ ఆ గొంతు దగ్గరవుతోంది. పక్కింటి వాకిట్లో కూడా అయిపోయింది. తరువాత చెప్పుల చప్పుడు వచ్చి, దొరస్వామి వాకిట్లో ఆగింది. ఆగి అలాగే ఉంది. మునెమ్మ పొయ్యిలో కట్టె తోయడం ఆపేసింది. దొరస్వామి తల దించుకున్నాడు. జుబేదా ఒళ్లో ఉన్న గోనెసంచిని గట్టిగా పట్టుకుంది.

“దొరసామీ.”

గొంతు తగ్గలేదు. నాగరాజును ఎలా పిలిచాడో అలాగే ఉంది.

దొరస్వామి తలెత్తాడు. “ఆఁ” అన్నాడు.

“మడక కర్రు బాగుండాదా?”

“ఉండాది.”

“అయితే రేపు మా చేనికి. పొద్దన్నే కట్టుకుని రా. ఎండెక్కినాక వస్తే ఒప్పుకోను.”

“సరేప్పా” అన్నాడు దొరస్వామి.

చెప్పుల చప్పుడు ముందుకు పోయింది. అవతలి ఇంటి ముందు మళ్లీ అదే గొంతు, అదే మాట. ఇంట్లో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. జుబేదాకు కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు, దాచుకోలేదు.

కాసేపటికి దొరస్వామి ఎనుము పాదం చేతిలోకి తీసుకున్నాడు. బోల్టు తిప్పి చూశాడు. స్ప్రింగు నొక్కి చూశాడు. “ఆ పెదనాయిన చేనంతా రాళ్లే. కర్రు విరిగిపోతాది” అని సణిగాడు. “పైగా ఆయనింట్లో సంగటి సల్లగా పెడతారు. ఎవురికి కావల్ల ఆ చేనికి పోవడం?”

“పోకుంటే పోవాకులే” అంది మునెమ్మ, పొయ్యి వైపే తిరిగి.

“యాల పోను?” అన్నాడు దొరస్వామి వెంటనే.

జుబేదా ముక్కు చీదుకుంది. ఏడుస్తున్నా ఆమె జబ్బు ఆమెను వదల్లేదు.

“మరి కుప్పమోళ్లకు ఏం సెప్తావప్పా?”

“ఆ రాళ్లకు ఇంకోన్ని సూసుకోమంటా” అన్నాడు దొరస్వామి. “నాకు రేపు పని ఉండాది.”

ఆ చివరి మాట అతను రెండుసార్లు అన్నాడు. ఒకసారి ఆమెకు చెప్పాడు, ఇంకోసారి ఎవరికీ కాదు.